నలభై చుక్కల మూతి

మంటలో గాజు గొట్టం ఎర్రబడింది. రెండు చేతుల బొటనవేళ్ళు, చూపుడువేళ్ళు దాన్ని ఒకే తీరున తిప్పుతున్నాయి. కుడిచెయ్యి ఎంత తిప్పితే ఎడమచెయ్యీ అంతే, వెంట్రుకవాసి తేడా లేదు. గాజు మెత్తబడి తన బరువుకి తనే కుంగబోయే క్షణాన ఆమె దాన్ని మంటలోంచి బయటికి తీసి, ఊపిరి బిగబట్టి రెండువైపులకీ లాగింది. నడుమ సన్నబడింది. చల్లారాక అక్కడ రాయితో గీత పెట్టి టప్పున విరిచింది. ఒక గొట్టం రెండు డ్రాపర్లయింది. వాటిని ట్రేలో పెట్టి ఇంకో గొట్టం అందుకుంది.

ఆ పనిచోటు టైర్ల దుకాణం వెనక సందులో ఉంది. పొడవాటి రేకుల గది, ఆరు బల్లలు, బల్లకో గ్యాసు మంట. పైన ఫ్యాను ఉంది గానీ ఎవరూ వెయ్యరు. గాలికి మంట ఊగితే గాజు ఒకవైపే కాగి మూతి వంకర పోతుంది. ఎండలు ముదిరాయంటే ఆరుగురూ చెమ్మగిల్లిన కుండల్లా కూర్చుని పని చేసుకుంటారు.

ఆవిణ్ణి అక్కడ అందరూ చుక్కలక్క అంటారు. ముప్పై ఏళ్ళుగా చుక్కలు లెక్కపెడుతోంది మరి. ఎదుటి బల్ల దగ్గర డ్రాపర్లకి రబ్బరు బుడ్డీలు తొడిగే ఆవిడ రబ్బరు వదిన. ఊరందరికీ వదినే.

"ఏం, పొద్దున్నే రెండు చుక్కలు పడ్డాయా?" అని వదిన రోజూ వేళాకోళం చేస్తుంది.

"పడితే ముందు నీకే కదా పోసేది" అని చుక్కలక్క మంట మీంచి చూపు తిప్పకుండానే అంటుంది.

ఆ రోజు వదిన చేతిలో కొత్త సీసా ఉంది. మందుల కంపెనీ పంపింది. మందు మారినప్పుడల్లా వాళ్ళు ఒక సీసా పంపడం, వదిన అందులో రబ్బరు బుడ్డీలు నానేసి అవి ఉబ్బుతాయా, జిగటౌతాయా అని చూడటం మామూలే.

"ఫిట్స్ వచ్చే పసిపిల్లలకి వేస్తారే, ఆ మందే" అంది వదిన. "ఇదివరకు స్పిరిట్‌తో చేసేవాళ్ళు కదా. నాలిక మండి పిల్లలు ఊసేస్తున్నారట. ఇప్పుడు నీళ్ళతో, తియ్యగా చేశారు. వాసన చూడు, మిఠాయి కొట్టు ముందు నిలబడ్డట్టుంది."

"నాకూ కాస్త పొయ్యి."

"తాగుతావా ఏంటే?"

"లెక్కపెడతా."

ఆ మందుకి డ్రాపర్లు పన్నెండేళ్ళుగా ఇక్కడినుంచే వెళ్తున్నాయి. నలభై చుక్కలకి ఒక మిల్లీలీటరు, అదీ కొలత. పరీక్షకి పాత స్పిరిట్ మందు సీసా ఒకటి బల్ల మీద ఉంటుంది. దాంతోనే నాలుగు వేల డ్రాపర్లు పరీక్షించి, పెట్టెల్లో సర్ది, సోమవారం వచ్చే బండి కోసం గోడ వారన పేర్చారు. ఆ లెక్కలో తప్పేమీ లేదు. అయినా కొత్తది ఏదొచ్చినా తన చేత్తో చూడందే ఆమెకి తోచదు.

డ్రాపర్‌ని నిటారుగా పట్టుకుంది. ఏటవాలుగా పడితే చుక్క కొలత మారిపోతుంది. గీతలున్న సన్నటి గాజు గొట్టంలోకి ఒక్కో చుక్కా వదులుతూ లెక్కపెట్టింది. పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై. మందు ఒక మిల్లీలీటరు గీత తాకింది.

తానే ఎక్కడో తప్పిపోయాననుకుంది. మళ్ళీ చేసింది. ఇరవై. ఇంకో పెట్టెలోంచి ఇంకో డ్రాపర్ తీసింది. పంతొమ్మిది. అదే డ్రాపర్ కడిగి ఆరబెట్టి పాత స్పిరిట్ మందుతో చూసింది. నలభై.

చుక్కలక్క మంట తగ్గించింది. పనివేళ ఆమె మంట తగ్గించడం ఎవరూ చూసి ఎరగరు. వదిన చేతిలో రబ్బరు బుడ్డి అలాగే ఉండిపోయింది.

"ఏమైందే?"

"చుక్క లావెక్కింది."

"నాలాగా?"

"నవ్వకు వదినా. ఎనిమిది చుక్కలు వెయ్యమని సీసా మీద రాసుంది. ఈ డ్రాపర్‌తో ఎనిమిది వేస్తే పదహారు చుక్కల మందు పడుతుంది. పసిపిల్ల నోట్లో."

వదిన నవ్వు ఎటుపోయిందో పోయింది.

చుక్కల సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు. పదహారేళ్ళప్పుడు ఇక్కడికి సీసాలు కడగడానికి వచ్చింది. అప్పటి యజమానిని పెద్దాయన అనేవాళ్ళు. ఆయన నోరు విప్పి ఎవరికీ ఏదీ నేర్పలేదు. విరిగిన గొట్టాల బుట్ట ఆమె వైపు కాలితో జరిపి, ఖాళీగా ఉన్న మంటని గడ్డంతో చూపించాడు. అదే ఆమె బడి. వేళ్ళు కాలాయి, బొబ్బలెక్కాయి, మానాయి, మళ్ళీ కాలాయి. రెండేళ్ళకి వేళ్ళ కొసలు తోలులా మొద్దుబారాయి గానీ, గాజు ఎప్పుడు లాగాలో మాత్రం ఆ మొద్దువేళ్ళకే తెలిసేది.

కడిగిన డ్రాపర్లు ఆరబెడుతున్నప్పుడు ఆమె ఒకటి గమనించింది. స్పిరిట్ మూతి దగ్గర నిలవదు, చిన్న చిన్న చుక్కలుగా తొందరపడి రాలిపోతుంది. నీళ్ళు అలా కాదు. మూతి అంచు పట్టుకుని వేలాడి, బొజ్జ పెంచుకుని, ఇక మొయ్యలేనంత బరువయ్యాకే పడతాయి. నీటి పైన కంటికి కనపడని తోలు లాంటిదేదో బిగుతుగా ఉందని, స్పిరిట్‌కి ఆ తోలు వదులని తనకి తనే చెప్పుకుంది. అన్నం తినే అరగంటలో కిరసనాయిలు, ఆముదం, ఉప్పునీళ్ళు, సబ్బునీళ్ళు, ఏది దొరికితే అది డ్రాపర్‌లోకి పీల్చి లెక్కపెట్టేది. పాత క్యాలెండరు కాగితాల వెనక రాసుకునేది. మూతి ఎంత వెడల్పు, ఏ ద్రవం, ఎన్ని చుక్కలు. తర్వాతి రోజుల్లో పెళ్ళాడిన దర్జీ ఆ కాగితాలు చూసి, "ఇంకా నయం, నేను చీవాట్లు పెడితే కన్నీళ్ళు ఎన్ని చుక్కలో కూడా రాసుంచలేదు" అన్నాడు. "నువ్వు అంత గట్టిగా ఎప్పుడు పెట్టావు?" అందామె.

ఇక్కడ ఒక పద్ధతి ఉంది. ప్రతి పెట్టెలో ఒక చీటీ పెడతారు. ఏ ద్రవంతో చూశారు, ఎన్ని చుక్కలు వచ్చాయి, ఎవరు చూశారు అని రాసి చూసినవాళ్ళే సంతకం చెయ్యాలి. చేరిన మూడో ఏడు పక్క బల్ల అతను "నేను చూశాలే, పెట్టెయ్" అంటే ఆమె చూడకుండా పెట్టేసింది. పెట్టెలు తిరిగొచ్చాయి. పెద్దాయన ఒక్క మాట అనలేదు. ఆ పెట్టెలన్నీ తెచ్చి ఆమె బల్ల చుట్టూ పేర్చి వెళ్ళిపోయాడు. పదకొండు రోజులు వాటి మధ్యనే కూర్చుని ఒక్కొక్క మూతీ సరిచేసింది. ఆ తర్వాత ఎవరు ఎంత నమ్మకంగా చెప్పినా, తను లెక్కపెట్టనిదాని కింద పేరు రాయలేదు.

ఇప్పుడు యజమాని పెద్దాయన కొడుకు. నిక్కర్ల వయసులో ట్రేలు తన్నుకుని పడినప్పుడు అతని మోకాలికి పసుపు పెట్టింది ఆమే. అందుకే ఈనాటికీ అతను "అక్కా" అంటాడు, ఆమె "బాబూ" అంటుంది.

"బాబూ, ఇలా రా. ఇది లెక్కపెట్టు."

"పెట్టెల మీద చిరునామాలు రాస్తున్నానక్కా, కాసేపాగి..."

"చిరునామాలు తర్వాత రాద్దువు గాని, రా."

అతను వచ్చి లెక్కపెట్టాడు. ఇరవై. రెండోసారి చుక్కని వేలాడుతుండగా కళ్ళ దగ్గర పెట్టుకుని చూశాడు. మొహం వెలిగింది.

"ఓ, ఇది తలతన్యత అక్కా! కాలేజీలో చదివాను. నాలుగు మార్కుల ప్రశ్న."

"ఎన్ని వచ్చాయి?"

"నాలుగుకి నాలుగు."

"మరి ఇరవైకే గీత తాకితే నీకు చెమట ఎందుకు పట్టలేదు?"

అప్పుడు పట్టింది. ఫోన్ తీసుకుని బయటికి నడిచాడు.

కంపెనీ తరఫున కొనుగోళ్ళు చూసే మేనేజరు మధ్యాహ్నానికి వచ్చాడు. మడత నలగని చొక్కా, చంకలో ఫైలు. ఆ ఫైలు బల్ల మీద పెట్టి, కుర్చీ దులుపుకుని కూర్చున్నాడు.

"ఏమ్మా, ఏదో గొడవ చేస్తున్నావట?"

"గొడవ కాదు సార్, లెక్క."

"చుక్క చుక్కే కదమ్మా! మా ల్యాబులో అంతా పరీక్ష చేశారు."

"ఏం పరీక్ష చేశారు సార్?"

"మందు బలం. మిల్లీలీటరుకి ఎంత ఉండాలో అంతే ఉంది."

"ఉండే ఉంటుంది. మీ మందూ సరిగ్గానే ఉంది, నా డ్రాపరూ సరిగ్గానే ఉంది. ఆ రెండిటినీ కలిపి చూసినవాళ్ళే లేరు."

అతను చిరాగ్గా గడియారం చూసుకున్నాడు. ఆమె గాజు గ్లాసు నిండా నీళ్ళు పోసి అతని ముందు పెట్టింది. డ్రాపర్‌తో ఇంకా పోస్తూ పోయింది. నీళ్ళు అంచు దాటి పైకి లేచాయి, గ్లాసుకి బోర్లించిన సాసరు పెట్టినట్టు ఉబ్బి నిలబడ్డాయి. పొర్లలేదు.

"చూశారా సార్? అంచు దాటినా పడలేదు. పైన బిగుతు అలా ఉంది. అదే బిగుతు మూతి దగ్గర చుక్కని పట్టుకుని లావు చేస్తుంది. ఇప్పుడు స్పిరిట్ చూడండి."

రెండు చుక్కలు స్పిరిట్ వేసింది. ఉబ్బిన నీళ్ళు ఒక్కసారిగా డీలా పడి ఒక పక్కనుంచి జారాయి, బల్ల మీద పారి తిన్నగా ఫైలు కిందికి దూరాయి. మేనేజరు ఎగిరి లేచాడు.

"అయ్యో సార్, తుడవనా?" అని రబ్బరు వదిన తన చోటునుంచి కదలకుండానే అడిగింది.

ఫైలు విదిలిస్తూ అతను అన్నాడు: "సరేనమ్మా, తెలివైనదానివే. వచ్చే విడతకి లేబులు మారుస్తాం. ఎనిమిది చుక్కలున్నచోట నాలుగు వేయిస్తాం. ఈ విడత వెళ్ళిపోనీ. సీసాలకి లేబుళ్ళు అతికించడం కూడా అయిపోయింది."

"ఈ విడత ఎవరు తాగుతారు సార్?"

"అంటే?"

"వచ్చే విడత తాగే పిల్లలు వేరు, ఈ విడత తాగే పిల్లలు వేరు. వీళ్ళు చేసిన పాపమేంటి? ఇంకో మాట. ఏడాదిగా ఎనిమిది వేస్తున్న తల్లి లేబులు చదువుతుందా? ఆవిడ వేళ్ళకి ఎనిమిదే అలవాటు. మీరు నాలుగని అచ్చేసినా ఆవిడ ఎనిమిదే వేస్తుంది. మారాల్సింది లేబులు కాదు సార్, చుక్క. చుక్కని మళ్ళీ పాత చుక్కంత చెయ్యాలి. మూతి సన్నం చేస్తే అవుతుంది. నాకు పది రోజులివ్వండి."

"సోమవారం బండి వస్తుంది. పెట్టెలు ఎక్కుతాయి. ఎక్కకపోతే డ్రాపర్లు చేసేవాళ్ళు ఊళ్ళో మీరొక్కరే కాదు." ఈ మాట ఆమెతో కాదు, యజమాని వైపు తిరిగి అన్నాడు.

యజమాని మొహం పాలిపోయింది. ఇక్కడి పనిలో సగం ఆ కంపెనీదే. ఆరు బల్లల వైపూ ఒకసారి చూశాడు. గొంతు తగ్గించి, "అక్కా, పోనీ చీటీల మీద సంతకం నేను పెడతాను. నీ పేరు రాదు" అన్నాడు.



"పెట్టు బాబూ" అంది చుక్కలక్క. చీటీ ఒకటి, కలం ఒకటి అతని ముందు పెట్టింది. "ముందు పైన రాయి. కొత్త మందుతో చూశాను, ఇరవై చుక్కలు వచ్చాయి అని. చూశావు కదా, అబద్ధమేం కాదు. దాని కింద పెట్టు సంతకం."

అతను కలం తీసుకున్నాడు. చీటీ వైపు చూశాడు. కలం మూత తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు. చివరికి జేబుకి తగిలించుకుని మేనేజరుతో, "సార్, రాయలేనండీ" అన్నాడు.

"సోమవారం" అని మేనేజరు లేచాడు.

"మీరు వినకపోతే మీ ల్యాబువాళ్ళతో చెప్తాను సార్" అంది చుక్కలక్క అతని వెనకనుంచి.

"నిన్ను గేటు దాటనిస్తే కదా!"

"గేటు బయట నేల మీది కాదు కదా!"

సాయంత్రం ఇంట్లో దర్జీ కుట్టుమిషను మీద వంగి చొక్కా కాలరు తిప్పుతున్నాడు. ఆమె పక్కనే పీట వేసుకుని గాజు గొట్టాన్ని పాత గుడ్డల్లో చుట్టి సంచిలో సర్దుతోంది. జరిగిందంతా చెప్పింది. అతను మిషను ఆపాడు.

"పని పోతే?"

"నీ దగ్గర కాజాలు కుడతా."

"నీ కుట్టు నేను చూశాను తల్లీ. దానికన్నా ఆ పనే నిలబెట్టుకో." దారం కొరికాడు. "అయినా నాకు తెలీక అడుగుతా, అంత పెద్ద కంపెనీ, అంత చదివినవాళ్ళు, వాళ్ళకి తట్టలేదా?"

"గుడ్డ ఒకడు కొలిచాడు, మనిషిని ఇంకొకడు కొలిచాడు. చొక్కా తొడిగి చూసినవాడు లేడు."

"అలా చెప్పు, అర్థమైంది" అని అతను సంచి అందుకుని, గాజు కదలకుండా లోపల రెండు అరలు కుట్టి ఇచ్చాడు.

మర్నాడు పొద్దున్న షిఫ్టు మొదలయ్యే వేళకి ఆమె కంపెనీ గేటు ముందుంది. కాపలా మనిషి అడ్డం వచ్చాడు.

"ఎవరు కావాలమ్మా?"

"చుక్కలు లెక్కపెట్టేవాళ్ళు."

"అలాంటి డిపార్ట్‌మెంటు ఇక్కడ లేదు."

"వచ్చిన తిప్పంతా అదే నాయనా."

గేటు పక్కన సిమెంటు దిమ్మె ఉంది. దాని మీద గుడ్డ పరిచి, గీతల గొట్టం నిలబెట్టి, ఒక పక్క పాత మందు, ఇంకో పక్క కొత్త మందు పెట్టుకుంది. డ్రాపర్ తీసి వినపడేలా లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పనికి వచ్చేవాళ్ళు ఆగి చూడసాగారు. ఏదైనా అమ్ముతోందేమో అనుకుని ఒకావిడ "ఎంత?" అని అడిగింది. "ఇది నలభై, అది ఇరవై" అంది చుక్కలక్క. "దీనికీ దానికీ అంత తేడానా!" అని ఆవిడ నోరెళ్ళబెట్టింది. "అదే అడగమ్మా, లోపలికెళ్ళి అదే అడుగు."

కాపలా మనిషి వెళ్ళిపొమ్మన్నాడు. "దిమ్మె నీదా?" అని అడిగింది. మునిసిపాలిటీ వాళ్ళదని అతనే ఒప్పుకున్నాడు. "అయితే వాళ్ళని పిలువు, లేస్తా" అని మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.

గుంపులోంచి తెల్లకోటు చేతి మీద వేసుకున్న ఒక అమ్మాయి ముందుకొచ్చింది. ల్యాబులో పని చేస్తుందట. ముప్పై ఏళ్ళు ఉండవు. ఏమీ అడగకుండా డ్రాపర్ కోసం చెయ్యి చాచింది. చుక్కలక్క ఇచ్చింది. ఆ అమ్మాయి దాన్ని నిటారుగా పట్టుకోవడం చూడగానే ఆమెకి ప్రాణం లేచొచ్చింది. చెయ్యి తెలిసిన మనిషే.

"ఇరవై" అంది తెల్లకోటు. మళ్ళీ చేసింది. "ఇరవై." పాత మందుతో చేసింది. నలభై. డ్రాపర్ కింద పెట్టి ఆ రెండు సీసాల వైపూ చూసింది. తర్వాత నసగకుండా చెప్పింది: "ఇది మేం చూడలేదండీ. మందు చూశాం గానీ చుక్క చూడలేదు."

అంతలో మేనేజరు కారు దిగాడు.

"ఇక్కడికీ వచ్చేశావా! ఎవరక్కడ, ఈవిణ్ణి..."

"సార్" అంది తెల్లకోటు, "సోమవారం బండి ఆపండి."

"నువ్వెవరమ్మా ఆపడానికి?"

"మందు బయటికి వెళ్ళాలంటే కాగితం కింద పెట్టాల్సిన సంతకాల్లో ఒకటి నాది సార్. నేను పెట్టను."

చుక్కలక్క గొట్టం, సీసాలు గుడ్డలో చుట్టుకుంటూ ఆ అమ్మాయిని తేరిపార చూసింది. ఆమెకి చదువుకున్నవాళ్ళందరి మీదా కోపం లేదు. చేత్తో చూసి చెప్పేవాళ్ళ మీద అసలే లేదు.

పది రోజుల గడువు దొరికింది. దొరికాక అసలు కష్టం మొదలైంది. మొదట ఒక డ్రాపర్ మూతి మంటలో మెత్తబరిచి సన్నగా లాగింది, కోసింది, అంచు నున్నగా అవ్వాలని అలవాటు ప్రకారం మళ్ళీ ఒక్క క్షణం మంట చూపించింది. అంచు గుండ్రంగా, ముచ్చటగా వచ్చింది. కొత్త మందుతో లెక్కపెడితే ముప్పై ఒకటి. మళ్ళీ చూస్తే ముప్పై ఆరు. మళ్ళీ ముప్పై మూడు. ఒకే డ్రాపర్, మూడు మాటలు.

"నీ కొత్త మూతికి నిలకడ లేదే" అంది వదిన.

చుక్కలక్క దీపం పెట్టుకుని చుక్క పుట్టడం దగ్గర్నుంచి చూసింది. మందు మూతి చివర ఆగడం లేదు. గుండ్రటి అంచు మీదుగా బయటి గోడ పైకి పాకుతోంది, ఒకసారి కొంచెం, ఒకసారి ఎక్కువ. ఎంత పాకితే అంత లావు చుక్క. వెడల్పు మూతి మీద ఈ పాకుడు లెక్కలోకి వచ్చేది కాదు, సన్నమూతి మీద అదే కొంప ముంచుతోంది. ముప్పై ఏళ్ళుగా మంచి పనితనం అనుకుంటూ వచ్చిన ఆ నునుపే ఇక్కడ తప్పు. అంచు స్పష్టంగా తెగి ఉంటే మందు అక్కడితో ఆగాలి. కానీ తెగిన గాజు పసిపిల్ల పెదవి దగ్గరికి పోకూడదు.

మూడు రోజులు దానికే పోయాయి. మొదట గాజుని మంటలో కొంచెం లోపలికి నొక్కి మందం చేసుకుని, తర్వాత పొట్టిగా లాగింది. అప్పుడు మూతి సన్నమైనా గోడ దళసరిగా ఉండి విరగదు. మూతి చివర మంట చూపించకుండా తడి సానరాయి మీద నిటారుగా పెట్టి సున్నాలు చుట్టినట్టు తిప్పుతూ చదును చేసింది. ముతక రాయి, తర్వాత నున్నటి రాయి, చివరికి మెత్తటి పొడి రాసిన తోలు. దాన్ని తన కింది పెదవి మీద అడ్డంగా, నిలువుగా రాసి చూసుకుంది. గీరలేదు. వదిన పెదవి మీద కూడా రాసింది.

"ముద్దు పెట్టినట్టుంది" అంది వదిన.

"ఎవరు?"

"ఎవరో ఒకరు, అడక్కు."

లెక్క ముప్పై ఎనిమిది వచ్చింది. ఇంకా కాస్త సన్నం చేసింది. నలభై. మళ్ళీ నలభై. ఇంకోసారి నలభై.

తనకి వస్తే చాలదు, ఆరు బల్లలకీ రావాలి. ఇత్తడి రేకు ముక్కలు కోసి ఒక్కోదానికి రెండు చిల్లులు పెట్టింది. మూతి పెద్ద చిల్లులో దూరాలి, చిన్న చిల్లులో దూరకూడదు. అంతే కొలత. ఒక్కో రేకు ఒక్కో బల్లకి కట్టింది. యజమాని చొక్కా చేతులు మడిచి చుక్కలు లెక్కపెట్టడానికి కూర్చున్నాడు. మొదటి రోజు ఏటవాలుగా పట్టుకుంటే, "నాలుగు మార్కులు వెనక్కి తీసుకుంటా" అని మోచెయ్యి నిటారు చేసింది. మూడో రోజుకి అతని చేతికీ పట్టు దొరికింది. ట్రేకి యాభై, అందులోంచి ఐదు పరీక్షకి. ఐదులో ఒక్కటి తప్పినా ట్రే మొత్తం వెనక్కి. మొదట్లో ట్రేలు వెనక్కి వస్తూనే ఉన్నాయి. ఎవరూ మొహం మాడ్చుకోలేదు, మాడ్చుకోవడానికి తీరిక లేదు.

పదో రోజు పొద్దున బండి వచ్చింది. మేనేజరూ వచ్చాడు, తెల్లకోటు అమ్మాయీ వచ్చింది. పెట్టెలు గుమ్మం దగ్గర వరసగా ఉన్నాయి.

"అయ్యాయిగా, ఇక ఎక్కించండి" అన్నాడు మేనేజరు.

"ఎక్కించం సార్" అంది చుక్కలక్క.

"ఇప్పుడేంటమ్మా మళ్ళీ!"

"నేను లెక్కపెట్టినవి మీరు నా మాట మీద తీసుకెళ్ళొద్దు. పెట్టెకొకటి మీ చేత్తో తియ్యండి, ఈ అమ్మాయి లెక్కపెడుతుంది. మీరు చూడండి."

"బండి ఆగి ఉంది."

"పది రోజులు ఆగింది, పది నిమిషాలు ఆగదా?"

తెల్లకోటు అప్పటికే స్టూలు లాక్కుని కూర్చుంది. మేనేజరు ఒక్క క్షణం నిలబడి, చేతిలో ఫైలు ఎక్కడ పెట్టాలా అని బల్ల వైపు చూసి, పెట్టకుండా చంకలోనే ఉంచుకుని, మొదటి పెట్టె అడుగునుంచి ఒక డ్రాపర్ తీశాడు. కావాలనే అడుగునుంచి తీశాడు. చుక్కలక్కకి నచ్చింది. తనైనా అలాగే తీసేది.

నలభై. రెండో పెట్టె, నలభై. మూడోదానికి ముప్పై తొమ్మిదికే గీత తాకింది, నలభయ్యో చుక్కకి దాటీ దాటనట్టుంది. "ఇది పనికొస్తుందా?" అని మేనేజరే అడిగాడు, పది రోజుల్లో మొదటిసారి అడగాల్సింది అడిగాడు. "వస్తుంది" అంది తెల్లకోటు. అలా చివరి పెట్టె దాకా వెళ్ళారు.

చీటీల మీద తెల్లకోటు తన సంతకం పెట్టింది. దాని పక్కన చుక్కలక్క పెట్టింది. పెట్టె మూసి, తాడు బిగించి, లేపి బండి అంచు మీద పెట్టింది. లోపలున్న మనిషి అందుకున్నాడు. రెండోది అందించింది. మూడోదానికి యజమాని వంగబోతే, "నువ్వు తాళ్ళు చూడు బాబూ" అని తనే లేపింది. ఎనభై పెట్టెలూ అలా ఒకటొకటిగా ఆమె చేతులమీదుగానే ఎక్కాయి. ఆఖరిది అందుకున్నాక బండిలో మనిషి తలుపు వేసి గొళ్ళెం పెట్టాడు.